మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు

పంజాగుట్ట మెట్రో స్టేషన్‌లో టికెట్ కౌంటర్ అద్దం మీద ఎవరో ఉంగరంతో టకటకా కొట్టారు. అంతే, నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. రఫియా మేడం ఉద్యోగం మానేసి చాన్నాళ్ళయింది. అయినా ఆ చప్పుడు వినగానే ఆవిడ నా వెనకే నిలబడ్డారనిపించింది.

అమీర్‌పేటలో మా ఆఫీసు. ఒక విదేశీ సోషల్ మీడియా కంపెనీకి వచ్చిన ఫిర్యాదులు చూసి, ఏ పోస్టు ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చడం మా పని. రఫియా మేడం మా టీమ్ లీడర్. ఎవరైనా ఒక మీమ్ దగ్గర తటపటాయిస్తే చాలు, వెనక నుంచి వచ్చి టేబుల్ మీద ఉంగరంతో కొట్టేవారు. "మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు బేటా. గీ బొమ్మల ఎవర్ని ఏమంటుండ్రు?" అందరికీ వినబడేలా చెప్పాలి. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఎక్కడో బేకరీ నడుపుకుంటున్న ఒక యూదు పెద్దావిడ పేజీ నా ముందుకొచ్చింది. రొట్టెల ఫొటోల కింద కుప్పలుగా కామెంట్లు. తిట్టు ఒక్కటీ లేదు. ఆవిడ పేరు చుట్టూ మూడేసి బ్రాకెట్లు, పక్కన పగలబడి నవ్వే ముఖాలు. అన్నిటికన్నా పైన ఆవిడ రాసుకున్న మాట: భయంగా ఉంది, దుకాణం మూసేస్తున్నాను.

"రూల్ ప్రకారం తప్పేం లేదు మేడం," అన్నాను. టక్ టక్. చెప్పక తప్పలేదు. "అమ్మా, బ్రాకెట్లు పెడితే ఈమె యూదురాలని, యూదులంటే పడని గుంపుకి తెలుస్తుందట. తెలిస్తే అందరూ కలిసి వచ్చి మీద..." ఆ మిగతాది అమ్మతో అనలేను.

"గిది నాకు కొత్తనా?" అన్నారు మేడం. "ఎస్.ఆర్. నగర్‌ల రూమ్ అడగవోతే, నా పేరు విన్నంక 'ఓన్లీ వెజ్' అన్నరు. వాళ్ళ వంటింట్లకెళ్ళి కోడికూర వాసన మస్తు గుమగుమ!" ముందు ఆవిడే నవ్వారు.

ఆ కామెంట్లు తీసేయాలని మేడం అడిగితే, ఆ విదేశీ కంపెనీ మేనేజర్ వీడియో కాల్‌లో ససేమిరా అన్నాడు. బ్రాకెట్లు పెట్టకూడదనే రూల్ ఎక్కడా లేదట. మైకు పక్కనే ఉంగరం మోగింది. "ఆ కామెంట్లు మీ అమ్మగారికి వివరించినట్టు నాకు వివరించండి సర్," అన్నారు మేడం ఇంగ్లిష్‌లో. అతనూ మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. ఆ సాయంత్రానికే ఆ కామెంట్లూ, రాసినవాళ్ళ ఖాతాలూ మాయమయ్యాయి. తర్వాత రూలే మారింది.

బేకరీ పేజీలో మళ్ళీ వేడి రొట్టె ఫొటో కనబడ్డ రోజు మా ఫ్లోరంతా ఈలలు. మేడం అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించారు. "తినుండ్రి, గెలిచినం!" ఆ బజ్జీ రుచి తలుచుకుంటే నాకిప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఇప్పుడు టీమ్ లీడర్ని నేను. నాకు ఉంగరం లేదు, పెన్ను మూతతో కొడతాను. కొత్తవాళ్ళు ముఖం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ. నిన్న ఒకమ్మాయి, "జోకే కదా మేడం, వదిలేద్దాం," అంది. టక్ టక్. "మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు." సగం చెప్పి ఆగిపోయింది. నా వైపు కూడా చూడకుండా, తనే డిలీట్ నొక్కింది.