చెవులాయన పళ్ళతో పట్టిన మోత

ఆ షెడ్డులో మెకానిక్ అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. అందరికీ ఆయన చెవులాయనే. బండి గేటు దాటకముందే "వెనక ఎడమ చక్రం బేరింగు పోయింది, దిగు" అనేవాడు. బండి తెచ్చినవాడు నోరెళ్ళబెట్టేవాడు. అబ్బో, ఆ రోజుల్లో ఆయన దర్జా చూసి తీరాలి.

ఏడాదిగా ఆ చెవులే మొరాయిస్తున్నాయి. సంగతి తెలిసింది కూతురొక్కతెకే. ఆమెదీ ఆ షెడ్డులోనే పని. బండి నడిపి చూసేటప్పుడు వెనక సీట్లో కూర్చుని, మోత వచ్చినప్పుడల్లా తండ్రి భుజం మీద వేలితో తట్టేది. చెవుల పేరు మీద నడిచే షెడ్డు మరి. గుట్టు బయటపడితే వచ్చేవాళ్ళు మొహం చాటేస్తారని ఆమె భయం.

ఒకరోజు తెలిసిన టాక్సీ డ్రైవరు వచ్చాడు. ఇంజను తిరుగుతుంటే చాలు, బండి కింద ఎక్కడో గలగల. రెండు షెడ్లవాళ్ళు చేతులెత్తేశారట.

"ఎక్కినవాళ్ళు భయపడి మధ్యలోనే దిగిపోతున్నారమ్మా. తల ప్రాణం తోకకొస్తోంది" అని కూతురితో మొరపెట్టుకున్నాడు.

డ్రైవరు బండి కిందికి చూపిస్తుంటే చెవులాయన గమనించాడు. కూతురు ఆయన పక్కకు రాబోయింది. ఆయన చేత్తో ఆపాడు. "నువ్వా బ్రేకుల పని చూడమ్మా."

ఆమె బ్రేకుల దగ్గరకు పోకుండా అక్కడే నిలబడింది. ఏం మొండి మనిషో ఏమో, ఒకసారి అనుకుంటే ఇక అంతే.

బండిని, కిందికి దిగి పనిచేసే గుంత మీద నిలబెట్టించి, ఇంజను ఆపొద్దని సైగచేసి, కిందికి దిగాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు పిడిని పళ్ళ మధ్య బిగించాడు. మొనను ఒక్కో చోట ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు ఆగి, ముందుకు జరిగాడు. ఎంత ఓపికో ఆ మనిషికి.

డ్రైవరు వంగి చూసి కూతురి వైపు తిరిగాడు. "చెవి పెట్టాల్సిన చోట పళ్ళు పెడతాడేంటమ్మా?"

ఆమె అబద్ధం కోసం తడుముకుంటుండగానే, ఆయన స్క్రూడ్రైవరుతో ఒకచోట అదిమాడు, గలగల ఆగిపోయింది. సైలెన్సర్ గొట్టం వేడి పైకి తగలకుండా కప్పిన రేకు అది, వదులై అదురుతోంది. తుప్పుపట్టిన బోల్టు తీసి కొత్తది బిగించాడాయన.

పైకొచ్చి, డ్రైవరు మొహం చూసి అతనికి అనుమానం వచ్చిందని గ్రహించాడు. "నాకు వినపడదయ్యా. పళ్ళకు అదురు మాత్రం తెలుస్తుంది. ఇన్నాళ్ళూ విన్నది మా అమ్మాయి. ఇంకా దాన్ని దొంగలా వెనక కూర్చోబెట్టలేను."

తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మోత పోయిందామ్మా?"

"పోయింది నాన్నా" అని తలూపింది.

డ్రైవరు ఆమెతో, "రేపు మా బావమరిది బండి పంపిస్తానమ్మా. నువ్వు విను. మోత ఎక్కడుందో పళ్ళతో మీ నాన్నను పట్టమను" అన్నాడు.

ఆ మాట చెవులాయనకు వినపడలేదు. కూతురు కళ్ళు తుడుచుకుని దగ్గరకెళ్ళింది. ఇక దాచే పని లేదు, ఆ మాటే షెడ్డంతా వినేలా ఆయనకు గట్టిగా చెప్పింది.