పప్పు మెత్తగా ఉడికిన రోజు

మే నెల, సోమవారం, ఉదయం ఆరూ నలభైకి కృష్ణపట్నానికి దక్షిణాన ఉన్న క్యాంపులో దిగాను. సర్వితోపు, అంటే సరుగుడు చెట్ల పక్కన ఏడు గుడారాలు, ఒక బోరు, మూడు జీపులు. పదింటికి నీడలో నలభై ఒక్క డిగ్రీలు. అన్నీ నా డైరీలో ఉన్నాయి.

ఇసుకలో జీపులను పరీక్షించడం మా పని. వాటి పెట్రోలు ఇంజన్లకు సూపర్‌చార్జరు బిగించారు. అది గాలిని నొక్కి లోపలికి తోస్తుంది. నొక్కిన గాలి కాగుతుంది. అప్పుడు పెట్రోలు సమయానికి ముందే పేలి పిస్టన్‌ను సుత్తిలా కొడుతుంది. అందుకని గాలి దారిలో సన్నని నాజిల్‌తో నీటిని మంచులా చిమ్ముతారు. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. అది డిస్టిల్డ్ వాటరే కావాలి. ట్యాంకు మూత మీద ఎర్ర రంగుతో నేనే రాశాను.

నేను వర్క్‌షాపు హవల్దారును. లాగ్ రాసేదీ నేనే. డ్రైవరు లాన్స్ నాయక్, సొంతూరు చిల్లకూరు. నీళ్ళ డబ్బాలూ వంటశాలా సుబేదారు చేతిలో ఉండేవి.

బోరునీళ్ళు ఉప్పు. డ్రైవరు పుక్కిలించి ఉమ్మేశాడు.

"ఈ నీళ్ళతో పప్పు ఉడకాలంటే మనం రిటైరు కావాల్సిందేనన్నా."

మూడు రోజులు పలుకులు పలుకులుగానే తిన్నాం. గురువారం కర్నల్ భోజనానికి వచ్చాడు. ఆ పూట డైరీలో రాసుకున్నాను: "పప్పు మెత్తగా ఉడికింది. రెండోసారి వేయించుకున్నాను."

ఆ రోజు పొద్దున రెండు పరుగులు బాగానే సాగాయి. భోజనాలయ్యాక, మూడూ పదికి మూడో పరుగు. మూడూ ఇరవై ఆరుకు రేడియోలో డ్రైవరు గొంతు వినిపించింది.

"ఇంజను టకటకా కొడతా ఉండాది సాబ్. ఆపేదా?"

సుబేదారు నా చేతిలోని సెట్టు లాక్కున్నాడు. "కర్నల్ సాబ్ చూస్తన్నాడు. తొక్కు."

మూడూ ఇరవై తొమ్మిదికి పిస్టన్ కరిగి బెజ్జం పడింది. బానెట్ ఎత్తబోయిన డ్రైవరుకు కుడిచేయి మోచేతి దాకా మరిగే నూనెతో కాలింది.

సాయంత్రం నాజిల్ విప్పాను. భోజన విరామంలో ఎండిపోయి, రంధ్రం నిండా తెల్లగా పేరుకుంది. నాలుకకు తాకించాను. ఉప్పు. మధ్యాహ్నం తిన్న పప్పు గుర్తొచ్చింది. వంటవాణ్ణి అడిగాను. కర్నల్ పప్పు కోసం సుబేదారు డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు పొద్దునే వంటశాలకు పంపించి, ట్యాంకులో బోరునీళ్ళు పోయించాడని చెప్పాడు.

ఆపమన్నా డ్రైవరు ఆపలేదని సుబేదారు రిపోర్టు చేశాడు. లాగ్ పుస్తకం పట్టుకుపోయాడు. డ్రైవరును కాపలా గుడారంలో పెట్టారు. భుజం మీది పట్టీ పోవడం ఖాయమన్నారు. అది తెచ్చుకోవడానికి వాడికి ఆరేళ్ళు పట్టింది.

నేను ఆ సాయంత్రమే చెప్పొచ్చు. చెబితే సుబేదారు పొరపాటైందని తప్పించుకుంటాడు. అబద్ధం కింద అతని సంతకం పడాలి. వంటవాణ్ణి నోరు మూసుకొమ్మన్నాను. నాజిల్‌ను రుమాల్లో చుట్టి పెట్టెలో దాచాను. డ్రైవరు గుడారంలో ఉన్న ఆ తొమ్మిది రోజులూ, ఎదురుపడినప్పుడల్లా సుబేదారుకు సెల్యూట్ చేశాను. అంత గట్టి సెల్యూట్ సర్వీసులో ఎవరికీ చేయలేదు.

పదో రోజు కర్నల్ ముందు విచారణ జరిగింది. సుబేదారు తన వాంగ్మూలం కింద సంతకం చేశాడు. సిరా ఆరనిచ్చి లేచాను.

"సాబ్, గురువారం పప్పు ఎట్లా ఉడికింది?"

"పప్పేందయ్యా?" అని సుబేదారు నవ్వాడు.

నాజిల్ బల్ల మీద పెట్టి డైరీ చదివాను, నిమిషాలతో సహా. వంటవాణ్ణి పిలిచారు. ఆ పప్పు కర్నల్ కూడా తిన్నాడు. సుబేదారును అరెస్టు చేసి బెల్టు విప్పమన్నారు. అతని వేళ్ళకు బకిల్ దొరకలేదు. దొరికేదాకా చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ ఆ రోజొచ్చినా అట్లాగే నిలబడతాను.

డ్రైవరు పట్టీ నిలిచింది. మర్నాడు బయలుదేరే ముందు వాడి దగ్గరికి వెళ్ళాను.

"నీకెప్పుడు తెలిసినాదన్నా?"

"ఆ సాయంత్రమే."

వాడు నా చేతిలోని డైరీ వైపు చూశాడు. టోపీ సర్దుకుని లేచాడు.

లారీ వాడి ఊరు చిల్లకూరు దాటేటప్పుడు నేను ఊరి వైపు చూడలేదు. ఇంటికొచ్చి ఇన్నేళ్ళయింది. సైన్యంలో హవల్దారుకు ఎవరూ సెల్యూట్ చేయరు. ఆ రోజు మాత్రం కట్టు కట్టిన డ్రైవరు కుడిచేయి నా ఎదుట నుదుటిదాకా లేచింది. నేను సుబేదారుకు చేసినంత గట్టిగా.