బల్ల మీద సప్పుడు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ కుర్రాడు నన్ను వదినా అని పిలిచేవాడు. ఎక్కడెక్కడి సర్వర్లనో నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి, జీతం లేకుండా సరిచేసేవాడు. సరిచేసింది పంపేముందు వేలి కణుపుతో బల్లను కొట్టి, చెవి ఒగ్గేవాడు. రైలు చక్రాలను సుత్తితో కొట్టి పరీక్షించిన తండ్రి నుంచి వచ్చిన అలవాటు.

"ఏటి సేస్తన్నావ్?" అంటే, "పగులుంటే సప్పుడు మారిపోతాది వదినా," అని నవ్వేవాడు. ఆ నవ్వు మధ్య వచ్చే దగ్గును మేమెవరం పట్టించుకోలేదు.

అతను చనిపోయాక అతని ఫోన్‌కు ఎవరిదో మెసేజ్ వచ్చింది. తండ్రికి చదివి చెప్పాను: "మీరు సరిచేసింది బాగా పనిచేస్తోంది. ఇంకొకటి చూస్తారా?"

కొడుకు పనిచేసుకున్న బల్లను ఆయన కొట్టి, చెవి ఆనించాడు.

"సప్పుడు బాగానే ఉన్నాది గదమ్మా. మరి మావోడేటైపోనాడు?"