ఇంజనుకు రాసిన పసుపు

మా ఆయన మిర్చి షావుకారు గారి కారు డ్రైవరు. షావుకారు గారి పెరట్లోనే రేకుల గదిలో మేమిద్దరం, మా అత్త ఉండేవాళ్లం. కారు ముసలిది. ఆ ఏడు దారిలో రెండుసార్లు ఆగిపోయింది, రెండోసారి షావుకారు గారి వియ్యాలవారి కళ్లెదుటే. "ఇంకొక్కసారి మొరాయించిందా, అమ్మేస్తా. కారు లేకపోతే డ్రైవరెందుకురా నాకు?" అనేశారు.

అందుకే ఆ దసరాకి ఆయుధపూజ గట్టిగా చేశాం. మా ఆయన కారు కడిగి, బానెట్ ఎత్తిపెట్టి, గుమ్మడికాయ తేవడానికి వెళ్లాడు. అత్త పసుపు గిన్నె నా చేతికిచ్చింది.

"పైపైన బొట్లు పెడితే ఏం లాభమే? ప్రాణం ఉండేది ఇంజనులో. అక్కడ పెట్టు."

తొంగిచూశాను. బోర్లించిన గిన్నెలా ఒక నల్లటి మూత, దాని నెత్తిన ఐదు తీగలు. తీగలన్నీ అక్కడే పుడుతున్నాయి కాబట్టి ప్రాణం అదే అనుకున్నాను. రెండు క్లిప్పులు లాగితే మూత చేతిలోకి వచ్చింది. గడపకు రాసినట్టు లోపలంతా తడి పసుపు రాసి, నడిమధ్య కుంకుమ పెట్టి బిగించేశాను. ఎంత సంతోషమేసిందో! చెబితే పుణ్యం పోతుందని మా ఆయనకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున షావుకారు గారు చీరాలలో మద్రాసు రైలెక్కాలి. ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. మా ఆయన సెల్ఫ్ నొక్కాడు. ఇంజను గరగరా తిరిగింది, అంటుకోలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

"ఏరా, పెట్రోలు పోశావా?"

"నిండుగా ఉందండి. నిన్న కడిగాం కదండీ, ప్లగ్గులు తడిసుంటాయి. ఐదు నిమిషాలండి."

నాలుగు ప్లగ్గులూ విప్పి తెచ్చి నా పొయ్యి మీది పెనంలో వేశాడు. వేరుశనగ గింజల్లా కదుపుతూ వేయించాను. వేడివేడిగా బిగించాడు. మళ్లీ అదే గరగర, ఈసారి నీరసంగా. బ్యాటరీ దిగిపోతోంది.

ఇక ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, కొసను ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టుకుని, నన్ను సెల్ఫ్ నొక్కమన్నాడు. ఆ కారులో కూర్చోవడం నాకదే మొదటిసారి. నొక్కాను. నిప్పురవ్వ రాలేదు.

"పెట్రోలు వస్తోంది. కరెంటే మధ్యలో ఎక్కడో పోతోంది" అంటూ తీగ వెంట వేలు పోనిచ్చాడు. ఆ వేలు నల్ల మూత దాకా వచ్చింది. నేను పసుపు రాసింది దానికే.

"నువ్వు తీగలు నిమురుకుంటూ కూర్చో, అక్కడ రైలు పోతుంది! జట్కా పిలవండ్రా!" అని షావుకారు గారు అరిచారు. మా ఆయన కంగారుపడి, మూత వదిలేసి, ఇంజను తిప్పే హేండిలు అందుకున్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. పొద్దస్తమానం వాగే నోరు నాది. షావుకారు గారి ముందు, అత్త ముందు, అది తెరుచుకోలేదు. జట్కా వెళ్లిపోయాక కూడా గంటసేపు ఆయన హేండిలు తిప్పుతూనే ఉన్నాడు, చేతులు బొబ్బలెక్కాయి. అత్త లోపలికి వెళ్లాక అన్నాను.

"ఏవండీ, ఆ నల్ల మూత తీసి చూడండి."

తీశాడు. పసుపు ఇంకా తడిగానే ఉంది. కుంకుమ కారి చారలు కట్టింది.

"నేనే రాశాను. మంచి జరుగుతుందనీ..."

"ఇందాక చెప్పలేకపోయావా?" అన్నాడు, అంతే. ప్లగ్గులకు కరెంటు పంచే ఆ మూతను పెట్రోలు గుడ్డతో తుడిచి, బిగించి, హేండిలు ఒక్క తిప్పు తిప్పాడు. అంటుకుంది. అంత చక్కటి మోత దాని నోట ఎప్పుడూ వినలేదు.

చీరాల పరిగెత్తాడు. రైలు వెళ్లిపోయింది. షావుకారు గారు ప్లాట్‌ఫారం బల్ల మీద పెట్టె పక్కన కూర్చుని ఉన్నారట. కారు ఎందుకు ఆగిందని అడిగితే మా ఆయన, "కడిగేటప్పుడు నేనే ఇంజనులో నీళ్లు పోశానండి" అన్నాడట.

వారం తిరక్కుండా కారును ఒంగోలు పొగాకు వ్యాపారి కొన్నాడు. మా ఆయనే నడిపి, అప్పగించి, రైల్లో వచ్చాడు. రేకుల గది ఖాళీ చేశాం. "పూజలో ఎక్కడో లోపం జరిగిందే" అని అత్త ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడాయన మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. ఆ ఘాటుకి రాత్రంతా దగ్గు. మొన్న దసరాకి బస్తాలు లాగే ఇనుప కొక్కెం తెచ్చి నా ముందు పెట్టాడు.

"దీనికెంత పసుపు రాసినా ఏం కాదులే" అన్నాడు.

నవ్వుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు.