పడవ ఎక్కిన మా పేట పిల్ల

ఫోన్లో ఆడుకునే ఆటలకు బొమ్మలు గీయడం నా ఉద్యోగం. మాయలూ మంత్రాలూ ఉండే ఆటల్లో మాలాంటి చేపలవాళ్ళు కనిపించేదే తక్కువ. కనిపించినా, వీరుడికి దారి చెప్పి చచ్చిపోయే ముసలివాళ్ళే. అందుకే కొత్త ఆటలో నాయికగా మా జాలరిపేట పిల్లను గీశాను. చీర ఎగదోపి, పడవ మీద నిలబడి తెడ్డు వేస్తోంది.

ఈ రోజు సంబరంగా అమ్మకి చూపించాను. నిప్పులు కక్కే పాముల్ని చూసి నవ్వింది. పిల్లను చూడగానే మొహం మారిపోయింది. ఆడవాళ్ళు పడవ ఎక్కితే గంగమ్మకు కోపం వస్తుందని మా పేటలో నమ్మకం.

“మీ నాన్న ఏటకెల్లినాడు. ఇప్పుడు ఆడపిల్లని పడవెక్కించీసినావేటే?”

“బొమ్మే కదమ్మా!”

“బొమ్మయితే ఏటి? ముందు దాన్ని దింపు.”

నవ్వేసి ఊరుకున్నాను. మధ్యాహ్నానికి రావాల్సిన నాన్న పడవ పొద్దు వాలినా రాలేదు. ఫోన్ కలవలేదు. ఒడ్డున కూర్చున్న అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నాకు ఇలాంటి నమ్మకాలు లేవు. అయినా లాప్‌టాప్ తెరిచి, పిల్లను పడవ దింపి, చేపల బుట్ట ఇచ్చి ఇసుకలో నిలబెట్టాను.

కాసేపటికి నాన్న వచ్చాడు. ఇంజన్ మొరాయించిందట, అంతే.

రేపు ఆఫీసులో బొమ్మ ఇచ్చేయాలి. తెల్లారకముందే నాన్న మళ్ళీ వేటకు వెళ్తాడు. మీరైతే ఆ పిల్లను తిరిగి పడవ ఎక్కిస్తారా?