ట్యాంకు ఆటకు మా ఊర్లో వచ్చిన పేరు

నేను ఐదో తరగతి దాకా సదివినోన్ని. అదీ సరిగ్గా బడికి పోయింది నాలుగేండ్లే. ఒత్తు యాడ పెట్టల్లో, దీర్ఘం యాడ తీయల్లో నాకి ఇప్పటికీ అనుమానమే. అందుకని నోటితో ఎట్ల మాట్లాడతానో అట్లే రాస్తాండా. పెద్ద సదువులు సదివినోళ్ళు కొంచిం ఓర్సుకోండి. 

రెండువేలు దాటిన కొత్తల్లో వజ్రకరూరులో మా ఇంటి ముందర గదిలో కంప్యూటర్ ఆటల అంగడి పెట్టినా. రెండే కంప్యూటర్లు. నేనూ మా బావమరిదీ బెంగుళూరుకు పోయి పాతవి కొనుకొస్తిమి. అంతకు ముందు నేను శెనక్కాయలు ఒలిచే మిషను కాడ పని చేస్తాంటి.

మొదట్లో పిల్లోళ్ళు బాగానే వచ్చినారు. కారు ఆట, తుపాకీ ఆట. ఆడిందే ఆడి వాళ్ళకు యాష్ట వచ్చింది. మా ఆడమనిషికి ఆ గది మీద ముందునించి కన్ను. ఆమె బట్టలు కుడతాది. లోపల వంట కాడ వెలుతురు సాలదు.

"బళ్ళు తెరిస్తే యూనిఫారాలు కుట్టల్ల. అంతలోపల నీ అంగడి నడిస్తే నడిచినట్ల. లేదంటే ఆ డబ్బాలు తీసి అటక మీద పెట్టు. గది నాది" అన్నది.

అప్పటికి ఎండాకాలం సెలవులు సగం అయిపోయినాయి.

మందుల అంగడి అన్న ఒకాయన ఉండె. ఇంగ్లీషు బాగా వచ్చు. నెలనెలా వచ్చే కంప్యూటర్ల పుస్తకం ఒకటి తెప్పిస్తాండె. నేను పోయి అడిగితే ఒక పేజీ తీసి సదివినాడు.

"ఇది కొత్త రకం ఆట అంట. తుపాకీతో కాల్చేదీ, పైనుంచి సైన్యాన్ని నడిపేదీ రెండూ ఒకదాంట్లోనే కలిపినారంట. శానా మెచ్చుకున్నాడు రాసినాయన."

మెచ్చుకున్నాడు అన్నంతవరకే నేను ఇన్నా. ఇంకా ఏమేమో సదివినాడు, నా మనసు అప్పటికే బెంగుళూరు బస్సు ఎక్కేసింది. మూడో నాటికి ఆ సీడీ తెస్తిని.

ఆట ఎట్లుంటాదో చెప్తా. నువ్వు ట్యాంకు మాదిరి బండిలో కూర్చోనుంటావు. అది నేలకు తగలకుండా తేలుకుంటా పోతాది. చుట్టూ చెట్టూ చేమా లేని ఎర్ర నేల, మా చేన్ల మాదిరే. శత్రువుల బండ్లను కాల్చల్ల. అంతటితో అయిపోదు. ఫ్యాక్టరీ యాడ పెట్టల్ల, బండ్లు ఎన్ని చేయల్ల, ఎవర్ని యాడికి పంపల్ల, అన్నీ నువ్వే చెప్పల్ల.

మా ఊర్లో ఆట బాగుందా లేదా అని తేల్చేది ఒకడే. డిగ్రీ తప్పి ఇంటికాడ ఉన్నోడు. వాడు బాగుందంటే పదిమంది వస్తారు, తుప్ అంటే ఒక్కడూ రాడు. వాన్నే మొదట కూర్చోబెట్టినా. వాడు సర్రుమని పోయినాడు, కాల్చినాడు, సచ్చినాడు. మళ్ళ పోయినాడు, మళ్ళ సచ్చినాడు.

"ఏందన్నా, ఫ్యాక్టరీ కట్టమంటే కట్టదు, బండి చేయమంటే చేయదు. లేదు లేదు అని ఎర్రగా రాస్తాండాది" అన్నాడు.

"నువ్వు కాల్చప్పా, అదే వస్తాది" అన్నా నేను.

"నేల మీద ఇవేంటివి మెరుస్తాండాయి?"

"పగిలిపోయిన బండ్ల తునకలు. ఆడ నిలబడొద్దు, సస్తావు. పో పో."

వాడు ఇంకో నాలుగు సార్లు సచ్చి లేసినాడు.

"ఇది ఉగ్గాని బజ్జి మాదిరి ఉండాదన్నా. అది తినేలోపల ఇది సల్లారిపోతాది. కాల్చేవానికి మేస్త్రీ పని ఎందుకు? మేస్త్రీకి తుపాకీ ఎందుకు? నీ పుస్తకమాయన ఆడకుండానే రాసినాడు పో."

అయిపోయింది. వాని మాట ఊరంతా తిరిగింది. వారం దినాలు ఒక కంప్యూటర్ ముందర ఈగలు, ఇంకో దాని ముందర నేను. నేను ఆడినా సచ్చేదే.

ఒకరోజు పొద్దున మా ఆమె కొలత టేపు తీసుకోని వచ్చింది. కుట్టు మిషను యాడ పెట్టల్లో గోడ కొలుస్తాండాది. డిగ్రీ తప్పినోడు, ఇంకిద్దరు వాకిట్లో కూర్చోని నవ్వుతాండారు.

"వదినా, అన్న కంప్యూటర్ కాడ కూడా కొలువు, ఆడ బీరువా పడతాది" అన్నాడు వాడు.

ఆమె నా కంప్యూటర్ కాడికి వచ్చి నిలబడిపోయింది.

"ఆ మెరిసేవి ఏంటివి?"

"పగిలిన ఇనుము."

"ఏరుకోవా?"

"అవెందుకు?"

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుండాది. "తొలకరి వాన పడితే మా నాయన, మా అవ్వ, ఊరూరంతా వజ్రాల రాళ్ళ కోసం చేన్లో తల వంచుకోని తిరిగే ఊరిది. మెరిసేదాన్ని వదిలిపెట్టి పోతావా? వజ్రకరూరులో పుట్టినావా యాడన్నా పుట్టినావా? జరుగు."

కూర్చున్నది. ఏ మీట ఏందో నేను చెప్పినా. ఆమె ఎవర్నీ కాల్చలా. బండిని నిదానంగా, అడుగడుగూ నడిపింది. "దూరం చూడకూడదు. మూరెడు ముందరే చూడల్ల. కనపడినాక చెయ్యి పడేదాకా కన్ను తిప్పకూడదు" అంటాండాది. వాళ్ళ అవ్వ నేర్పినది అది. ఒక్కొక్క తునక మీదికి బండి పోతే టింగుమని లోపలికి పోతాండాది. పైన అంకె పెరుగుతాండాది. అంతవరకూ లేదు లేదు అన్న ఫ్యాక్టరీ దడదడా లేసింది!

వాకిట్లో నవ్వు ఆగిపోయింది. ముగ్గురూ లోపలికొచ్చినారు.

"వదినా, ఎడమ పక్క వస్తాండారు, కాల్చు!"

"నువ్వుండు అబ్బీ. ఈడ ఇంకా రెండుండాయి."

ఏరి ఏరి ఆమె ఏడు బండ్లు చేసి వాటిని పంపింది. అవే కాల్చినాయి. ఆమె మాత్రం ఏరుతానే ఉండాది. శత్రువు కోట కూలేముందు కరెంటు పోయింది. ఆ ముగ్గురూ అరిచిన అరుపుకు పక్కింటాయన పరిగెత్తుకోని వచ్చినాడు.

మరుసటి దినం పొయ్యి కూడా ముట్టించకుండా వచ్చి కూర్చోని గెలిచింది.

నేను మందుల అంగడికి పోయి ఆ పేజీ మళ్ళ సదివించుకున్నా. తునకలు ఏరితేనే ఏదన్నా కట్టేదానికి అయితాదని మూడో వరసలోనే ఉండాది. "ఆ రోజే సదివినా కదప్పా, నువ్వు యాడ ఇన్నావు?" అన్నాడాయన.

డిగ్రీ తప్పినోడు రెండు దినాలు ఏరినాడు, ఆడినాడు, గెలిచినాడు. అయినా ఓడిపోయినట్ల ఒప్పుకుంటాడా? "ఆట బాగాలేదని నేనెప్పుడు అన్నా? అన్న నేర్పింది బాగాలేదు అన్నా" అని ఊరంతా చెప్పినాడు. చెప్పుకోనీ. గుంతకల్లు నుంచి కూడా ఇద్దరు వచ్చినారు ఆ ఆట కోసం. కంప్యూటర్ ముందర కూర్చునేదానికి వంతులేసుకునేటంత పనైంది.

బళ్ళు తెరిచేముందు ఒకరోజు భయపడతా భయపడతా అడిగినా, "గది ఏం చేద్దాం?" అని.

"వాకిలి పక్క వెలుతురు నాది. నీ డబ్బాలు గోడకు జరుపుకో. తీసేయొద్దులే" అన్నది. సూదికి దారం ఎక్కిస్తా, "ఆ ఆటలో కాల్చేది వేస్టు. మిగిలిందంతా బాగుండాది" అన్నది. పుస్తకమాయన ఎంత మెచ్చుకున్నా నాకు ఆ మాట ముందర తక్కువే.

ఆ యేడాది ఆమె మిషను తొక్కతానే "ఆడుండాది, ఆడుండాది, వదిలేసినావు" అని పిల్లోళ్ళ మీద అరుస్తాండె.

ఇంతే నాకి తెలిసింది. ఆమె ఏడో తరగతి దాకా సదివింది, తప్పులు దిద్దుతానన్నది. దిద్దితే ఇంకా ఏమేమి మారుస్తాదో అని నేనే కాగితాలు ఈలేదు. అందుకని ఇందులో ఉన్న తప్పులన్నీ నావే. మీ ఇంట్లో మనిషి రాసినాడు అనుకోని పెద్ద మనసు చేసుకోండి, తిట్టొద్దండి.