పురిటికొచ్చిన కొంగలు

నా చిన్నప్పుడు కొంగల కోసం కుళ్ళుకున్నంతగా నేను పట్టులంగాల కోసం కూడా కుళ్ళుకోలేదు. అరవైల చివరి మాట. మా ఊరు ఇచ్ఛాపురం దగ్గర. తొలకరి పడగానే ఎక్కడినుంచో నత్తగుల్ల కొంగలు గుంపులుగా వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కట్టేవి. పురిటికొచ్చిన ఆడపిల్లలనేవారు వాటిని మావాళ్ళు. అవి ఉన్నన్నాళ్ళూ ఆ చెట్టెక్కకూడదు, కొమ్మ కదపకూడదు, కింద కేకలెయ్యకూడదు. రాయి విసిరినవాడికి ఊరంతా చీవాట్లు పెట్టేది.

పక్కింటివాళ్ళ చెట్టు నిండా కొంగలే. అంతే పొడుగున్న మా చెట్టు మీద దారితప్పి అయినా ఒక్కటి వాలేది కాదు. దారిన పోయేవాళ్ళు పక్కింటి ముందు ఆగి, తలెత్తి చూసి, మాలక్ష్మి ఇల్లనేవారు. మా ఇంటి ముందు ఎవరాగుతారు? ఆ ఇంట్లో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. అది దడి పక్కన ఊరికే కూర్చున్నా నన్ను చూసి గర్వపడుతున్నట్టే ఉండేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు అన్నం దగ్గర అలిగి, మన చెట్టు ఏం పాపం చేసిందని మా తాతయ్యను నిలదీశాను. ఆయన నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, మా చెట్టుకు వేలాడుతున్న నా ఉయ్యాల చూపించాడు. బడి లేని వేళంతా నేను దాని మీద ఊగుతూ, గొంతు చించుకుని పాడుతూ ఉండేదాన్ని.

"పురిటింట్లో ఇంత అల్లరుంటే ఏ ఆడపిల్లొస్తాది? కొంగలు కావాలా, ఉయ్యాల కావాలా, నువ్వే తేల్సుకో" అన్నాడు.

కొంగలే కావాలన్నాను. ఆలోచించనైనా లేదు. తాతయ్య నిచ్చెన వేసుకుని తాడు విప్పడం మొదలుపెట్టాడు.

ఒక ముడి ఊడిందో లేదో, దడి సందులోంచి దూరి పక్కింటి పిల్ల పరుగెత్తుకొచ్చింది. నిచ్చెన పట్టుకుని, "తాతా, ఇప్పకు తాతా" అని ఒకటే ఏడుపు. మా ఉయ్యాలతో నీకేం పనే అని గద్దించాను.

"మా సెట్టుకి కట్టమంటే మాయమ్మ ఒప్పదు. కొంగల కింద ఆడకూడదట, అరవకూడదట. నువ్వు ఊగతావుంటే నాను దడి కాడ కూకుని సూస్తాను. కొంగలంటేనే నాకు ఒళ్ళుమంట" అంది.

నేను తెల్లబోయాను. నేను గర్వమనుకున్నది గర్వం కాదు. గట్టిగా నవ్వడానికి కూడా వీల్లేని ఇంట్లోంచి వచ్చి, అది నా ఉయ్యాల చూసి కుళ్ళుకుంటూ కూర్చునేది. తాతయ్య నిచ్చెన మీంచే నావైపు చూశాడు. ఆ పిల్ల దడి దగ్గరున్న వేళ చూసే ఆయన నిచ్చెన వేశాడని నాకిప్పుడు అనిపిస్తుంది.

మళ్ళీ కట్టెయ్యమన్నాను. మొదటి వంతు దానికే ఇచ్చాను. ఇచ్చి మళ్ళీ కుళ్ళుకున్నాను. దానికిప్పుడు కొంగలూ ఉన్నాయి, ఉయ్యాలా ఉంది. నాకు మిగిలింది సగం ఉయ్యాల. మా చెట్టు మీద కొంగ ఎన్నడూ గూడు కట్టలేదు.

ఇంత వయసొచ్చినా ఆ కుళ్ళు పూర్తిగా పోలేదు. పక్కవాళ్ళ చెట్టు నిండుగా కనబడితే ఇప్పటికీ ఆగి చూస్తాను. కాకపోతే తలెత్తి చూసి ఊరుకోను. ఆ చెట్టు కింద నోరు మూసుకుని కూర్చున్న పిల్ల ఎవరా అని కూడా చూస్తాను.